చిన్న అక్షరాల నిబంధన

విదేశీ చదువనగానే మన ఇళ్లలో అప్పు, తాకట్టు గుర్తుకొస్తాయి. పీహెచ్‌డీ తరువాతి పరిశోధనా ఫెలోషిప్పుల సంగతి వేరు. అక్కడ పరిశోధకులకు జీతమే ఇస్తారు. ఐరోపా సమాఖ్య వారి మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్పుకు ఏ దేశస్థులైనా అర్హులే. పట్టా పొందిన 8 ఏళ్లలోపు, అక్కడి పర్యవేక్షకుని సమ్మతితో, ఆ సంస్థతో కలసి దరఖాస్తు చేయాలి.

ఫైళ్ల మధ్య బతికినవాణ్ని గనుక చిన్న అక్షరాలను వదలను. పరిశోధనకు దూరమైన విరామకాలం ఆ 8 ఏళ్లలో లెక్కకు రాదు. కాన్పుల కోసం ప్రయోగశాల విడిచిన మన ఆడపిల్లలకు ఈ వాక్యం ఎంత విలువైనదో తల్లిదండ్రులే కాదు, అత్తమామలూ గ్రహించాలి. కుటుంబ భత్యం కూడా ఉంది.

గణాంక జన్యుశాస్త్రాన్నే ప్రత్యేకించి ప్రస్తావించడానికి కారణముంది. జన్యువులకు, వ్యాధులకు గల సంబంధాన్ని లెక్కగట్టే ఈ శాస్త్రం ఇప్పటివరకు పరిశీలించినవారిలో అత్యధికులు ఐరోపా సంతతివారు. అందువల్ల ఆ అంచనాలు దక్షిణాసియావారికి అంత సరిగా కుదరవు. తూర్పు లండన్‌లో జీన్స్ అండ్ హెల్త్ అధ్యయనానికి బంగ్లాదేశీ, పాకిస్తానీ సంతతివారు వేలాదిగా నమూనాలిచ్చారు. లెక్కగట్టే బల్లల వద్దకూ మన పిల్లలు చేరాలి.

తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, ఈ శాస్త్రానికి పునాదులు వేసిన ఫిషర్ వద్ద 1948లో డాక్టరేట్ పొందారు.

ఇక్కడి పీహెచ్‌డీకి ఊతమైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును కేంద్రం 2022లో నిలిపివేసింది. మెట్టే తీసేస్తే పైఅంతస్తు ఎవరికి? దాని పునరుద్ధరణకై పోరాడుదాం. ఈలోగా పీహెచ్‌డీ పూర్తిచేసినవారిని మన విద్యాసంఘాలు వెతికి పట్టుకోవాలి. మేరీ క్యూరీ గడువు సాధారణంగా సెప్టెంబరులో ముగుస్తుంది. పర్యవేక్షకునికి ఉత్తరం జనవరిలోనే వెళ్లాలి.