పేరున్న గురువా? పేరు తెచ్చే గురువా?

పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత వంటకాలకు మాత్రమే పరిమితం కాదు. ఆటలు నేర్పే గురువులకు కూడ వర్తిస్తుంది. జట్టు నాలుగు పందేలు ఓడిపోగానే వినిపించే మొదటి మాట, “పేరున్నవాడిని ఎవరినైనా తీసుకురండి” అనేదే. ఈ కోరిక ఎంత సహజమో, దాని ఫలితం అంత అనిశ్చితం.

ఈ వ్యామోహం పరాకాష్ఠకు చేరిన దేశం అమెరికా. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన కాలిబంతి కాదు. శిరస్త్రాణాలు ధరించి, కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే మొరటు ఆట. విశ్వవిద్యాలయాల జట్ల ఆట చూడటానికి లక్షమంది పట్టే క్రీడాప్రాంగణాలున్నాయి. అనేక రాష్ట్రాలలో ప్రభుత్వోద్యోగులందరిలోకి అధిక వేతనం పొందేది గవర్నరు కాదు, ఫుట్‌బాల్ శిక్షకుడు!

పేరుకు వెల కట్టి లాభపడినవారు లేకపోలేదు. అలబామా విశ్వవిద్యాలయం 2007లో నిక్ సేబన్‌ను ఏటా నలభై లక్షల డాలర్ల వేతనంతో రప్పించింది. ఆయన పదిహేడేళ్ళలో ఆరు జాతీయ విజేత పదవులు సంపాదించి పెట్టాడు. అయితే ఆయన అంతకు మునుపే, 2003లో, మరొక విశ్వవిద్యాలయాన్ని విజేతగా నిలిపినవాడు. అంటే ఆయనకున్న పేరు, చేయవలసిన పనిలోనే సంపాదించుకున్న పేరు.

దీనికి భిన్నమైనది బిల్ బెలిచిక్ కథ. వృత్తి క్రీడాకారుల జట్టును ఆరుసార్లు జాతీయ విజేతగా నిలిపిన ఈ మహారథికి విద్యార్థులకు నేర్పిన అనుభవం లేదు. ఉత్తర కెరొలైనా విశ్వవిద్యాలయం 2024 డిసెంబరులో ఆయనను నియమించింది. 2025లో ఆ జట్టు పన్నెండు పందేలలో నాలుగు గెలిచి, ఎనిమిది ఓడింది. ఇక టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం పేరున్న శిక్షకుడు జింబో ఫిషర్‌ను 2023లో తొలగించింది. ఒప్పందం ప్రకారం ఆయనకు చెల్లించవలసి వచ్చిన మొత్తం ఏడున్నర కోట్ల డాలర్లకు పైమాటే. తీసుకురావటానికే కాదు, పంపించటానికి కూడ వెల ఉన్నది!

పేరు బొత్తిగా వ్యర్థమని చెప్పటం నా ఉద్దేశం కాదు. కొలరాడో విశ్వవిద్యాలయపు జట్టు 2022లో పన్నెండింట ఒకే ఒక పందెం గెలిచింది. అటుపిమ్మట డియాన్ శాండర్స్ అనే ప్రఖ్యాత క్రీడాకారుడు శిక్షకుడుగా రాగానే టిక్కెట్లు కరువైనాయి. ప్రతిభగల పిల్లలు వెతుక్కుంటూ వచ్చారు. 2024లో తొమ్మిది విజయాలు లభించాయి. కాని ఇద్దరు మేటి ఆటగాళ్ళు వెళ్ళిపోయిన మరుసటి సంవత్సరం ఆ తొమ్మిది మూడుకు దిగినవి. పేరు జనాన్ని గుమ్మం దాకా తీసుకొస్తుంది. వంట బాగుండటం, బాగుండకపోవటం మాత్రం లోపలి సంగతి.

ఇంత దూరం పోనేల? మన హైదరాబాదు చూపిన ఉదాహరణ ఇంతకంటె ఉజ్జ్వలమైనది. సయ్యద్ అబ్దుల్ రహీం ఒక బడిపంతులు. ఉస్మానియా పట్టభద్రుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన పద్ధతులు బడిలో పాఠం చెప్పినంత సరళమైనవి. ఆటగాడికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నిర్వహించేవాడు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలన్న షరతుతో మరికొన్ని పోటీలు జరిపేవాడు.

ఆయన మార్గం పూలబాట కాదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో పదికి ఒకటి గోల్సుతో ఓడిపోయింది. మనవారిలో పలువురు వట్టి కాళ్ళతో ఆడినారు. నేటి అమెరికాలో అయితే అంతటి ఓటమి పొందిన శిక్షకుడికి మర్నాడే వీడ్కోలు పలికేవారేమో! ఇక్కడ ఆయనకు వ్యవధి లభించింది. 1956లో మెల్‌బోర్న్‌లో భారతదేశం ఆస్ట్రేలియాను ఓడించి నాలుగవ స్థానం పొందింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను రెండుకు ఒకటితో జయించి స్వర్ణపతకం గైకొన్నది. అప్పటికే క్యాన్సరు పీడితుడైన రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు.

ఈ కథలో విషాదం ఆ తరువాతనే ఉన్నది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్ళీ దక్కలేదు. 1970లో కాంస్యం వచ్చింది; ఆ జట్టుకు నేర్పినవారిలో ఒకరు రహీం శిష్యుడైన పి.కె. బెనర్జీ. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన సంతోష్ ట్రోఫీ మళ్ళీ తెలుగునేలకు రాలేదు. మహాగురువు లభించినా, ఆయన వెనుక పది మంది చిన్న గురువులు తయారు కాకపోతే, ఆయనతోనే విద్య అంతరించిపోతుందని ఈ చరిత్ర చెప్పక చెబుతున్నది.

సూరత్ శివార్లలోని మా భేస్తాన్ పరిసరాలలో, మరమగ్గాలను నమ్ముకుని తెలంగాణ నుండి వలస వచ్చిన కుటుంబాలు అనేకం ఉన్నవి. అటువంటి ఇంటి పిల్లవాడొకడు, కాలేజీ జట్టులో ఆడేవాడు, నన్ను అడిగాడు: “సార్, పేరున్న కోచ్‌ను పెడతామంటున్నారు. ఆ ఖర్చుకు మా బూట్ల డబ్బు, ప్రయాణాల డబ్బు తగ్గిస్తారట. మంచిదేనా?” ప్రశ్నలోనే సగం జవాబున్నది. తండ్రి రాత్రి షిఫ్టు కూలితో బూట్లు కొనలేని పిల్లవాడికి కాలేజీ ఇచ్చే జత బూట్లే ఆటకు ప్రవేశపత్రం. అది లాక్కుని తెచ్చిన గురువు ఎవరికి నేర్పుతాడు?

కనుక పేరున్నవారిని పిలిచే ముందు యాజమాన్యాలు మూడు సంగతులు విచారించాలి. ఆయన పేరు విద్యార్థులకు నేర్పి తెచ్చుకున్నదా, స్వయంగా ఆడి తెచ్చుకున్నదా? ఆయన వేతనం ఇచ్చిన పిమ్మట మైదానానికి, బూట్లకు, ప్రయాణాలకు ఏమైనా మిగులుతుందా? ఆయన వెళ్ళిపోయిన నాడు ఆ పని అందుకోగల ఇద్దరు యువకులు తయారై ఉంటారా? మూడింటికీ సంతృప్తికరమైన సమాధానం దొరికితే ఎంత పేరున్నవారినైనా నిస్సంకోచంగా ఆహ్వానించవచ్చు. దొరకనప్పుడు, ఏ బడిలోనో బలహీనమైన కాలితో ఆడించే పంతులుగారిని వెతకటం మేలు. ఆయనకు జీతంతో పాటు కొన్ని సంవత్సరాల వ్యవధి కూడ ఇవ్వాలి. రహీంకు ఆనాడు దొరికినది అదే.