ఇంట్లోనే పాటల ఆల్బమ్

సొంతంగా పాట కట్టి, డోలక్ మీదో గిటార్ మీదో పాడుకునే సోదరీమణులు మనలో తక్కువేం లేరు. "స్టూడియోకి వేలు పోయాలి కదండీ" అంటూ ఆ పాటల్ని నోట్‌బుక్కులోనే ఉంచేస్తారు. అక్కర్లేదు! అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982 జనవరిలో న్యూజెర్సీలోని అద్దె ఇంట్లో, పడకగదిలో కూర్చుని, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద పాడుకున్నాడు. తర్వాత స్టూడియోలో బృందంతో అవే పాటలు వాయించి చూశారు. క్యాసెట్‌లోని గుబులు రాలేదు. చివరికి ఆయన జేబులో వేసుకు తిరిగిన ఆ క్యాసెట్టే సెప్టెంబరులో 'నెబ్రాస్కా' ఆల్బమ్‌గా వచ్చింది.

మన దిల్‌సుఖ్‌నగర్‌లో చిక్కల్లా చప్పుడే. బస్సుల హారన్లు మొదలవకముందే, తెల్లవారుజామున, రోడ్డు వైపు కాని గదిలో బట్టల బీరువా తలుపులు తెరిచి ఎదురుగా కూర్చోండి. బట్టలు, బొంతలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. (ఫ్రిజ్ మళ్లీ వేయడం మరవకండి, పాలు విరిగితే తప్పు పాటదంటారు!) సెల్‌ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉంచితే చాలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. మీరు కట్టిన పాట మీద హక్కు మీదే. రిజిస్ట్రేషన్ లేకపోయినా 1957 కాపీరైట్ చట్టం ఆ హక్కునిస్తుంది. మీ తదనంతరం 60 ఏళ్లు వారసులకూ ఉంటుంది. అమ్మమ్మ నేర్పిన పాత పాటను మాత్రం సొంతమని చెప్పుకోకండి. ఎవరైనా "మీ పాట వేస్తాం" అంటూ కాగితం చాపితే, పూర్తి హక్కులు రాసివ్వమంటున్నారేమో చూసుకున్నాక గానీ సంతకం పెట్టకండి. పాట ప్రతి ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి ఊళ్లో అక్క దగ్గర, తేదీతో సహా ఉంచండి.