పండగ ఫొటోలో ఆమె ఎందుకు లేదు?

నా డిగ్రీ విద్యార్థి ఒకడికి ఫొటోల పిచ్చి. ఉన్నది పాత సెల్‌ఫోనే. నిమజ్జనం మర్నాడు పొద్దున్నే ట్యాంక్‌బండ్ మీద, ఫుట్‌పాత్ పైన టీ తాగుతూ నవ్వుతున్న పారిశుధ్య కార్మికురాలిని అడిగి మరీ ఫొటో తీశాడు. పండగ ఫొటోల పోటీకి పంపితే "ఇందులో పండగేదీ?" అన్నారు.

1954లో ఒక్క అడుగుతో మొదలైన ఖైరతాబాద్ గణేశుడు ఆకాశమంత ఎదిగాడు. ఆ ఎత్తు అందరి కెమెరాలకీ కనిపిస్తుంది. లక్షల మంది తొక్కిన రోడ్డును తెల్లారేసరికి ఊడ్చిన చెయ్యి కనిపించదు. పండగ అందరిదీ అయినప్పుడు చెత్త మాత్రం మన వాడల వంతు ఎట్లా అయింది?

మురుగు గుంటలో శవమైతేనే మన మీదికి కెమెరా వస్తుంది. ఆ సాక్ష్యమూ కావాలి. కానీ జాలి ఒక్కటే మన బొమ్మ కాదు. బాబాసాహెబ్ మన గోడల మీదికి సూటూ బూటుతో వచ్చాడు. అదే హుస్సేన్‌సాగర్ దగ్గర 2023 నుంచి 125 అడుగుల ఎత్తున నిలబడ్డాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫోన్లు బయటికి తీయండి. ముందు పేరు అడగండి, తర్వాత ఫొటో అడగండి. తీసింది వాళ్లకే మొదట చూపించండి.

జై భీమ్.