పొగ లేని బండికి రంగెక్కడ వేయాలి?

అరిజోనాలోని చాండ్లర్ నగర మేయర్ గారికి, కౌన్సిల్ సభ్యులకు,

నేను ఈ ఊళ్లో ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ నడుపుకునే తెలుగువాణ్ణి. అడగదలచింది ముందే చెప్తాను. సొంత బండికి సొంత చేతులతో రంగు వేసుకునేవాళ్ల కోసం, లైట్లూ పెట్టెలూ బిగించుకునేవాళ్ల కోసం నగరం ఒక ఉమ్మడి వర్క్‌షాపు తెరవాలి. గాలి వడపోత ఉన్న పెయింటింగ్ గది అందులో తప్పకుండా ఉండాలి. ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా ఇస్తున్నాను. తెలుగులో కూడా రాస్తున్నది ఎందుకంటే, ఈ గదితో పని ఉన్న మావాళ్లు ఇది చదివి, మీ సమావేశానికొచ్చి తమ మాట తామే చెప్పుకోవాలని.

మీకు ఇదంతా కుర్రకారు సరదాగా అనిపించవచ్చు. మా వైపు బండి కొన్నవాడు షోరూం నుంచి నేరుగా గుడికి వెళ్తాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హ్యాండిల్‌కు దండ వేసి, పసుపు కుంకుమలు పెట్టిస్తాడు. అక్కణ్ణుంచి స్టిక్కర్ల షాపుకి. ట్యాంకు మీద అమ్మానాన్నల పేర్లో అభిమాన హీరో బొమ్మో, వెనక మడ్‌గార్డు మీద ఇలవేల్పు పేరో పడ్డాకే అది వీధిలో ఫలానావాడి బండి అవుతుంది. మారికోపాలోని మహాగణపతి గుడిలో వాహన పూజ చేయించుకుని చాండ్లర్‌కు తిరిగొచ్చేవాళ్లకూ ఆ ముచ్చట ఉంటుంది. హార్లీ ట్యాంకుల మీద మంటలు గీయించుకునే మీవాళ్లకూ ఉన్నది అదే కదా.

పెట్రోలు బండి మీద ఆ ముచ్చట తీరడానికి దారులు చాలా ఉండేవి. సైలెన్సర్ మార్చేవారు, కార్బ్యురేటర్ జెట్ మార్చేవారు, స్ప్రాకెట్ పళ్ల లెక్క మార్చేవారు. ఎలక్ట్రిక్ బండికి సైలెన్సరే లేదు. మోటారు, కంట్రోలర్, బ్యాటరీ మూడూ కంపెనీ సాఫ్ట్‌వేర్ అదుపులో ఉంటాయి. వాటిని కెలికితే వారంటీ పోతుంది, అజాగ్రత్తగా కెలికితే ప్రాణమే పోవచ్చు. ఇక యజమాని చెయ్యి పెట్టగలిగింది పైపైనే: రంగు, స్టిక్కరు, సీటు, అద్దం, లైటు, సామాను పెట్టె. కాబట్టి మీ రోడ్ల మీద ఎలక్ట్రిక్ బండ్లు పెరిగేకొద్దీ మీ ఊరి గ్యారేజీల్లో స్ప్రే డబ్బాలూ పెరుగుతాయి. నా బాధంతా ఆ గ్యారేజీల గురించే.

బండి పైతొడుగులు చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్. మెరుపు పోయేదాకా తడి వాటర్‌పేపర్‌తో రుద్ది, గీతల్లో లప్పం నింపి, ప్రైమర్ కొట్టి, దాని మీద రంగు, ఆ పైన క్లియర్ కోటు వేయాలి. ఘాటైన థిన్నర్ తగిలితే ఏబీఎస్ పగుళ్లిస్తుంది. పాలీప్రొపిలీన్ ముక్కలకైతే దానికి సరిపడే ప్రైమర్ లేకుండా వేసిన రంగు పెచ్చులుగా ఊడొస్తుంది. ఇవన్నీ చేయి తిరిగిన పెయింటరు పక్కనుంటే చూసి నేర్చుకోగలిగినవే. గాలి సంగతి వేరు. అది నేర్పుతో దారికి రాదు.

పది కాలాలపాటు నిలిచే క్లియర్ కోటు కావాలంటే హార్డెనర్ కలిపే రకం వాడాలి. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. పనిచేసే చోట వచ్చే ఆస్తమాకు పేరుమోసిన కారణాల్లో అవొకటి. వాటికి ముందుగా హెచ్చరించే వాసన కూడా సరిగా ఉండదు. మాస్కు పనిచేయడం మానేసినా వేసుకున్నవాడికి తెలియదు. అందుకే బయటి మంచి గాలిని గొట్టంతో అందించే మాస్కు వాడమంటారు. అలాంటిది ఏ ఇంట్లో ఉంటుంది? దీనికి తోడు మన ఊళ్లో చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ ఉండేది గ్యారేజీలోనే. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు. నేల మీదుగా పాకుతూ మంటను వెతుక్కుంటూ పోతుంది.

రిపేరు షాపులకు ఈ విషయంలో చట్టం ఉంది. 2008లో ఫెడరల్ పర్యావరణ సంస్థ తెచ్చిన నిబంధన ప్రకారం, సీసం, క్రోమియం వంటి లోహాలున్న రంగులను వాహనాలకు స్ప్రే చేసే షాపులో మూసిన బూత్ ఉండాలి, పెయింటు తుంపరలో 98 శాతాన్ని పట్టుకునే ఫిల్టరు ఉండాలి, తుంపర తక్కువగా చిమ్మే గన్ను వాడాలి, పెయింటరుకు శిక్షణ ఉండాలి. సొంత వస్తువుకు సరదాగా రంగు వేసుకునేవాడికి ఆ నిబంధన వర్తించదు. చట్టం మినహాయింపు ఇచ్చింది సరే, ఊపిరితిత్తులు ఇస్తాయా?

ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు మించి ఎండ కాసింది. స్ప్రే డబ్బాల మీద సాధారణంగా 50 నుంచి 90 డిగ్రీల మధ్య వాడమని ఉంటుంది. ఎండాకాలం మన గ్యారేజీలో ఆ వేడి దొరికే గంటలు ఎన్ని? అంతకు మించిన వేడిలో కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి ముక్క మీద ఇసుక రాల్చినట్టు పడుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? కాస్త చల్లదనం కోసం గ్యారేజీ తలుపు దించేసి, లోపలే ఉండి కొడతాడు. ఎండ మనిషిని ఆవిరితో కలిపి గదిలో పెట్టి తలుపు వేస్తుందన్నమాట.

ఇంకో చిక్కు ఊరందరిదీ. 2015 నాటి ఫెడరల్ ఓజోన్ ప్రమాణం 70 పీపీబీ. ఫీనిక్స్-మేసా ప్రాంతం దాన్ని అందుకోలేకపోయింది. 2022లో మన ప్రాంతాన్ని ‘మార్జినల్’ నుంచి ఇంకో మెట్టు దించి ‘మోడరేట్’ తరగతిలో పెట్టారు. నేల దగ్గర ఓజోన్ తయారయ్యేది నైట్రోజన్ ఆక్సైడ్లు, ద్రావకాల ఆవిరి ఎండలో కలిసినప్పుడు. మా బండికి పొగగొట్టం లేదని గర్వంగా చెప్పుకుంటాం. కానీ దానికి రంగు వేసిన రోజున మా గ్యారేజీయే పొగగొట్టం. గన్ను కడిగిన థిన్నర్‌ను వీధి కాలువలో పారబోస్తే కథ అక్కడితో ఆగదు. చాండ్లర్ కాలనీల్లో వాన నీరు చేరేది పార్కుల్లాగా కనిపించే ఆ పల్లపు నేలల్లోకే. పిల్లలు బంతాట ఆడేదీ అక్కడే. ఇళ్లలోని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం క్వీన్ క్రీక్ రోడ్‌లో ఉంది, సంతోషం. కానీ సగం మిగిలిన హార్డెనర్ డబ్బా పట్టుకుని అక్కడిదాకా వెళ్లేవాళ్లు కొందరే. పని జరిగిన చోటే అప్పగించే ఏర్పాటు ఉంటే అందరూ వాడతారు.

ఇక సామాను బిగించడం. ఎలక్ట్రిక్ బండిలో పెద్ద బ్యాటరీ వేరు, లైట్లకూ హారన్‌కూ వచ్చే 12 వోల్టుల కరెంటు వేరు. ఫాగ్ లైటో ఫోన్ ఛార్జరో పెట్టుకునేవాడు 12 వోల్టుల వైపు నుంచి, తగిన ఫ్యూజు వేసి తీసుకోవాలి. పెద్ద బ్యాటరీ తీగలకు సాధారణంగా నారింజ రంగు తొడుగు వేసేది వాటి జోలికి రావద్దని చెప్పడానికే. రంగు వేసేవాడు కూడా బ్యాటరీ పెట్టె మీది రెక్కల్ని, కనెక్టర్లని, ఎర్తింగ్ బోల్టుల్ని కప్పేయకూడదు. ఆ రెక్కలున్నది వేడి బయటికి పోవడానికి. ఇంత వేడి ఊళ్లో వాటి మీద రంగు మందంగా పేరిస్తే నష్టం బండికే.

సోకుకూ భద్రతకూ ఉన్న తేడాని చెప్పే మనిషి కూడా ఎవరో ఒకరు ఉండాలి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో చేసిన పరిశోధన ఒకటి 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మెరిసే జాకెట్టు వేసుకున్నవాళ్లకు ప్రమాదం 37 శాతం తక్కువ. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవాళ్లకు 24 శాతం తక్కువ. ముందు నుంచి కనిపించే బండి రంగుకూ ప్రమాదానికీ మాత్రం సంబంధం కనబడలేదు. అంటే బండికి పసుపు రంగు కొట్టి ఇక భయం లేదనుకోవడం వట్టి భ్రమ. అరిజోనాలో 18 ఏళ్లు దాటినవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి కాదు కాబట్టి ఈ మాట చెప్పడం ఇక్కడ ఇంకా అవసరం. ముందు నుంచి కనిపించేలా ఎర్ర లైటు పెట్టకూడదని, 750 వాట్లు దాటిన మోటారున్నది ఈ రాష్ట్ర చట్టంలో ఎలక్ట్రిక్ సైకిల్ కాదని తెలియని కుర్రాళ్లు మన కాలిబాటల మీద తిరుగుతూనే ఉన్నారు. పోలీసు ఆపి చెప్పే దాకా ఎందుకు? స్పానర్ పట్టుకున్న చోటే ఒక పెద్దాయన చెప్తే చెవికెక్కుతుంది.

ఈ ఊరికి తెలియని పనేదో కొత్తగా కల్పించమని అడగడం లేదు. సొంత చేతులతో వాహనం చేసుకోవడం చాండ్లర్‌కు అలవాటైన పనే. లోకల్ మోటార్స్ కంపెనీ ఈ ఊళ్లోనే ఉండేది. ర్యాలీ ఫైటర్ కారు కొన్నవాళ్లు ఇక్కడి చిన్న ఫ్యాక్టరీకొచ్చి తమ కారు బిగింపులో తామూ చెయ్యి వేసేవారు. 2014లో చికాగో ప్రదర్శనలో జనం చూస్తుండగా 44 గంటల్లో స్ట్రాటీ అనే కారును త్రీడీ ప్రింటింగ్‌లో ముద్రించింది కూడా ఆ కంపెనీయే. 2022 జనవరిలో అది మూతపడింది. ఇక్కడి చికాగో స్ట్రీట్‌లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ చాండ్లర్ ఇన్నొవేషన్ సెంటర్ వెలిసింది. నగరం సాయంతో వచ్చిన ఆ చోట టెక్‌షాప్ నడిచింది. నెలకింతని కట్టినవాళ్లెవరైనా యంత్రాలు వాడుకునేవారు. టెక్‌షాప్ 2017 నవంబరులో దేశమంతటా మూతపడింది. రెండూ పోవడానికి జనానికి ఆసక్తి లేకపోవడమే కారణమని నేను అనుకోను. ఒకటి వాహనాలు అమ్మి బతకాల్సిన కంపెనీ, రెండోది సభ్యత్వాలు అమ్మి బతకాల్సిన కంపెనీ. గ్రంథాలయాన్ని మీరు లాభం కోసం నడపడం లేదు కదా. వర్క్‌షాపునూ ఆ వరసలోనే చేర్చమంటున్నాను.

మా విజయవాడలో ఆటోనగర్ ఉంది. లారీకి బాడీ కట్టేవాడు, టింకరింగ్ చేసేవాడు, రంగు వేసేవాడు, వైరింగ్ చేసేవాడు, సీటు కుట్టేవాడు, అక్షరాలు రాసేవాడు అందరూ అక్కడ పక్కపక్కనే ఉంటారు. వైరింగ్ అబ్బాయికి అనుమానం వస్తే పక్క షెడ్డులోని పెద్దమేస్త్రిని పిలుస్తాడు. అక్కడి గాలి శుభ్రంగా ఉంటుందని నేను అనను. మాస్కు లేకుండా రంగు కొట్టే మేస్త్రీలను చూస్తూ పెరిగాను. ఆ ఊరికి తెలిసింది పనివాళ్లను ఒకచోట చేర్చడం. ఈ ఊరికి తెలిసింది గాలిని శుభ్రం చేయడం. 1980 నుంచి ఇంటెల్ ఇక్కడ చిప్పులు చేస్తోంది. దుమ్ము కణాలను లెక్కబెట్టే గదుల్లో పనిచేసి ఇంటికొచ్చే ఇంజనీర్లు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్లే గ్యారేజీలో మూతికి గుడ్డ కట్టుకుని స్ప్రే కొట్టుకోవాల్సి రావడం ఈ ఊరికి శోభనివ్వదు.

నేను అడిగేవి నాలుగు. ఒకటి, ఫిల్టర్లూ చల్లదనమూ ఉన్న పెయింటింగ్ గది, గంటల లెక్కన అద్దెకు. రెండు, ఆ గదిలోకి విప్పిన ముక్కలే రావాలి, బ్యాటరీ ఉన్న బండి రాకూడదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాతే భారత ప్రభుత్వం బ్యాటరీ పరీక్షల ప్రమాణాలను బిగించింది. ఆవిరి నిండిన గదిలోకి బ్యాటరీని తేకూడదనే నియమం మొదటిరోజు నుంచే గోడ మీద ఉండాలి. మూడు, నేర్పే మనిషి. మేసాలోని ఈస్ట్ వ్యాలీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కార్ల బాడీ రిపేరు పిల్లలకు నేర్పుతున్నారు. ఆ గురువులను శనివారాలు పిలవండి. వాళ్ల విద్యార్థులకు చేతినిండా పని, మాకు చదువు. నాలుగు, మిగిలిన థిన్నర్, హార్డెనర్ అక్కడే తీసుకునే డ్రమ్ములు.

బండికి సోకు చేసుకోవడానికి నగరం డబ్బెందుకు పెట్టాలని మీలో ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. స్కేటింగ్ పార్కుకూ ఈతకొలనుకూ ఆ ప్రశ్నకు మీరు ఏనాడో జవాబు చెప్పుకున్నారు: పిల్లలు ఎలాగూ ఆడతారు, ప్రమాదం లేని చోట ఆడనిద్దాం అని. మేమూ ఎలాగూ రంగు వేసుకుంటాం. గది ఇస్తే ఫిల్టరు ముందు వేసుకుంటాం, ఇవ్వకపోతే వాటర్ హీటర్ ముందు. అద్దె రుసుముతో ఖర్చంతా రాదు. అయినా ముందు ఒక ఏడాది ప్రయోగంగా, ఖాళీగా ఉన్న నగర షెడ్డులో మొదలుపెట్టి చూడండి. వాడకం లేకపోతే తాళం వేయడం పెద్ద పనేమీ కాదు.

ఈ అంశాన్ని మీ ఎజెండాలో పెట్టండి. అయ్యే ఖర్చు ఎంతో, కౌంటీ వాయు నాణ్యత విభాగం అనుమతులకు ఏం కావాలో మీ సిబ్బందితో ఒక నివేదిక రాయించండి. చర్చకు వచ్చే రోజున మావాళ్లను తీసుకుని నేనూ వస్తాను. వచ్చేటప్పుడు మేం సొంతంగా రంగు వేసుకున్న ముక్కలు రెండు తెస్తాం, ఒకటి ఎండాకాలంలో వేసింది, ఒకటి చలికాలంలో. బల్ల మీద పక్కపక్కన పెట్టి, వేలితో తడిమి చూసి, అప్పుడు ఓటు వేయండి.

ఇట్లు,
చాండ్లర్‌లోని ఒక ఎలక్ట్రిక్ బండి యజమాని