మెదక్ చర్చి చూసొచ్చిన తరువాత

మెదక్ చర్చి శతాబ్ది జరిగినప్పటి నుండి అక్కడికి బస్సు మాట్లాడుకొని వెళ్లే సంఘాలు ఎక్కువయ్యాయి. మొన్న చిలుకూరు నుండి బయలుదేరిన ఒక బస్సులో మేమూ ఉన్నాం. కోదాడలో హైవే ఎక్కి, హైదరాబాద్ దాటి మెదక్ చేరేసరికి మధ్యాహ్నం మూడు. ఇంకాస్త ఆలస్యమైతే కిటికీలు చూసే భాగ్యం ఉండేది కాదు. ఆ రంగు అద్దాలకు వెలుగు బయటి ఎండ నుండే రావాలి. పొద్దు గుంకాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా నల్లగానే ఉంటాయి. వెళ్లాలనుకునేవారు తెల్లవారకముందే బయలుదేరండి.

గోపురం 175 అడుగులు. మందిరం పొడవు 200, వెడల్పు 100 అడుగులు. లోపల యేసు ప్రభువు జననం, సిలువ, ఆరోహణం మూడు కిటికీలలో కనబడుతుంటే, అంతదాకా కబుర్లాడుతున్న పిల్లలు కూడా నోరు మెదపలేదు. పెద్దలం మాత్రం ఫోన్లు తీశాం.

ఫోటోలో పడనిది ఒకటుంది. 1914లో పని మొదలైనప్పుడు ఆ ప్రాంతాన్ని కరువు పీడిస్తోంది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆకలిగొన్నవారికి ఊరికే పంచిపెట్టడం కంటే పని చూపించి అన్నం పెట్టడం మేలనుకున్నారు. పదేళ్లు రాళ్లు మోసి ఎందరో కుటుంబాలను బ్రతికించుకున్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన నాటికి మనం ఫోటోలు తీసుకున్న ఆ కిటికీలు లేనేలేవు. మొదటిది 1927లో, చివరిది 1958లో అమర్చారు. ముందు అన్నం, తరువాతే అద్దాలు.

తిరుగు ప్రయాణంలో ఒక సంఘపెద్ద, "మన ఊళ్లోనూ ఇట్లాంటి గోపురం లేపాలె" అన్నారు. బస్సంతా ఆమేన్ అంది. ఆ ఆశను మేము తప్పుపట్టం. కానీ మన సంఘాల్లో మందిరం కడుతున్నామంటే మొదట జరిగేది ఇంటికింత అని చందా వేయడం. నాట్ల కూలీతో బ్రతికే అక్క కూడా అప్పు చేసి ఇస్తుంది. మెదక్‌లో ఆకలిగొన్నవారికి మందిరం పెట్టింది. మన దగ్గర వారే మందిరానికి పెట్టాల్సి వస్తోంది.

వరికోత యంత్రాలు వచ్చాక కోతల కూలీ పోయింది. కోతలకూ మళ్లీ నాట్లకూ నడుమ చేతిలో పనిలేని నెలలుంటాయి. మందిరం పని ఆ నెలల్లోనే పెట్టి, సంఘంలోని వారికే కూలి దక్కేలా చూడలేమా? మేస్త్రీలను దూరం నుండి పిలిపించే ముందు, మనలో తాపీ పట్టేవారు ఎందరున్నారో లెక్కపెట్టారా అని ఆ పెద్దను అడిగాం.

ఆయన సీట్లోంచి లేచి వెనక్కి తిరిగి కేకేశారు. సూర్యాపేట దాటేలోగా ఐదుగురు తేలారు.