ఊయలకు ముందే మొదలు కావాల్సిన పరిచర్య

మన సంఘాల్లో బిడ్డ పుడితే ఎంత సందడి! పేరు పెట్టడానికి పాస్టరుగారిని పిలుస్తారు, ఆలయంలో ప్రతిష్ఠ చేయిస్తారు, కృతజ్ఞత కూటం పెట్టి నలుగురికీ భోజనం పెడతారు. ఇదంతా మంచిదే. కానీ ఆ బిడ్డ జీవితంలో అతి కీలకమైన పని ఒకటి ఎవరికీ తెలియకుండా ఎప్పుడో జరిగిపోయిందని మనలో ఎంతమందికి తెలుసు?

గర్భం ధరించిన మూడో వారంలో పిండం వీపు మీద సన్నని రేకులాంటి పొర ఏర్పడుతుంది. అది దోనెలా మడతపడి, అంచులు కలిసి గొట్టంగా మారుతుంది. దాని పైభాగం మెదడుగా, కిందిభాగం వెన్నుపాముగా ఎదుగుతాయి. 28వ రోజుకల్లా ఆ గొట్టం మూసుకుపోవాలి. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే రూఢి కాదు. పైన మూసుకోకపోతే మెదడు, పుర్రె పూర్తిగా ఏర్పడవు, ఆ బిడ్డ దక్కదు. కింద మూసుకోకపోతే వెన్నులో లోపంతో పుడుతుంది, కాళ్లు చచ్చుబడే ప్రమాదముంది.

అలాంటి బిడ్డ పుట్టిన ఇంట్లో ముందుగా వినిపించే మాట, 'ఏ పాపం చేశారో!' పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగిందీ అదే. అతనిదీ కాదు, కన్నవారిదీ కాదని ఆయన తేల్చిచెప్పాడు. రెండు వేల ఏళ్లయినా ఆ జవాబు మన చెవికెక్కలేదు.

1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఒక అధ్యయన ఫలితం ప్రకటించింది. లోగడ ఇలాంటి లోపమున్న బిడ్డను కన్న తల్లులు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే ఆ లోపం 72 శాతం తగ్గింది. అన్నిటినీ ఆ మాత్ర ఆపలేదు. కానీ ఆపగలిగినదాన్ని ఆపకుండా, జరిగాక తల్లిని నిందించడం ఏపాటి విశ్వాసం? బిడ్డ కోసం ఎదురుచూసే స్త్రీ అప్పటినుంచే మొదలుపెట్టి గర్భం 12 వారాలు నిండేదాకా రోజుకు 400 మైక్రోగ్రాములు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లోగడ లోపమున్న బిడ్డ పుట్టినవారికి ఎక్కువ మోతాదు కావాలి, డాక్టరును అడగాలి. పెళ్లికి ముందు కౌన్సెలింగ్‌లో ఎఫెసీ పత్రికతోపాటు ఈ మాత్ర గురించీ చెప్పాలన్నది నా అభిప్రాయం. పాస్టరుకు మందుల గొడవ ఎందుకంటారా? తిమోతి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో పౌలు రాయలేదా?

బిడ్డ మెదడుకు ఇనుము కూడా కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. అయినా శ్రమకాలం నలభై రోజులూ గర్భిణి పస్తుంటే భక్తి అని మెచ్చుకుంటాం. కడుపుతో ఉన్న కోడలికి అందరికంటే ముందు వడ్డించడం ఉపవాసం కంటే తక్కువ భక్తి కాదు.

కడుపులోని బిడ్డ ఆరో నెల దాటేసరికి శబ్దాలకు స్పందిస్తుంది. పుట్టి మూడు రోజులైనా నిండని పసికందులు పరాయి స్త్రీ గొంతు కంటే తల్లి గొంతు వినడానికే ఇష్టపడ్డారని 1980లో అమెరికా పరిశోధకులు డికాస్పర్, ఫైఫర్ చూపించారు. పుట్టాక ఆ గొంతు, ఆ ఒడి కరువైతే? రుమేనియాలో 1989లో నియంత చౌషెస్కు కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ అనాథాశ్రమాల్లో ఉన్నారు. వారికి తిండి దొరికినా, ఎత్తుకుని ముద్దాడేవారు లేరు. తర్వాత బుకారెస్టులో 136 మంది చిన్నారులను పరిశీలించారు. పెంపుడు కుటుంబాలకు చేరిన పిల్లల తెలివితేటలు ఆశ్రమంలో మిగిలినవారి కంటే మెరుగయ్యాయి. రెండేళ్లలోపే చేరినవారికి ఎక్కువ మేలు జరిగింది. పసివాడు ఏడిస్తే చేతికి సెల్‌ఫోన్ ఇచ్చే మన ఇళ్లు కూడా ఈ పాఠం నేర్చుకోవాలి.

బైబిలు వైద్యగ్రంథం కాదు. అయినా తల్లి గర్భంలో సాగే దేవుని పనికి 139వ కీర్తనలో దావీదు విస్తుపోయాడు. ఎవరూ చూడని చోట ఆయన పనిచేస్తాడని నమ్మే మనకు ఆ చోటిపట్ల బాధ్యత లేదా? ఎలీసబెతు ఆరో నెల గర్భిణిగా ఉన్నప్పుడు మరియ వెళ్లి దాదాపు మూడు నెలలు ఆమెతో ఉందని లూకా రాశాడు. అక్కడ మరియ పాడిన పాట మనకు కంఠతా వచ్చు. ఆమె అక్కడ గడిపిన మూడు నెలలే గుర్తుండవు. మీ సంఘంలో నెల తప్పిన చెల్లెలు ఎవరు? ఆమె తిన్నదో లేదో అడగడానికి ఈ వారం ఆమె ఇంటికి ఎవరు వెళ్తున్నారు?