గ్యాస్కెట్ కారుతుంటే వెయిట్ మీద రాయి పెడతామా?

వానాకాలంలో గడ్డి ఎవరి కోసమూ ఆగదు. గోల్ఫ్ కోర్సులు, క్రికెట్ స్టేడియాలు, విమానాశ్రయాల్లో రన్‌వే పక్క మైదానాలు, ఎక్కడ చూసినా కోత యంత్రాలకు తీరిక దొరకని రోజులివి. విమానాశ్రయంలోనైతే ఇది అందానికి సంబంధించిన విషయం కూడా కాదు. గడ్డి అదుపు తప్పితే పురుగులు, ఎలుకలు, వాటి వెంట పక్షులు చేరతాయి. సరిగ్గా ఇలాంటప్పుడే ఒక ఫిర్యాదు వస్తుంది: పొద్దున బాగానే కోసిన యంత్రం మధ్యాహ్నానికి నీరసపడుతోంది, గట్టు ఎక్కేటప్పుడు బ్లేడ్లు ఆగిపోతున్నాయి.

మెకానిక్ వస్తాడు. వాల్వ్ బ్లాకు మీదున్న చిన్న స్క్రూ లాక్ నట్ వదులు చేసి, స్క్రూను అర చుట్టు బిగిస్తాడు. ఒక్కోసారి యంత్రం కాస్త పుంజుకుంటుంది కూడా. అసలు చిక్కు ఆ అర చుట్టులోనే ఉంది.

ఈ పెద్ద యంత్రాల్లో చాలావాటిలో ఇంజను బ్లేడ్లను నేరుగా తిప్పదు. ఇంజను పంపును తిప్పితే, పంపు నూనెను నెడుతుంది, ఆ నూనె బ్లేడ్ల మోటార్లను తిప్పుతుంది. పీడనం 200 బార్ దాకా పోవచ్చు. కారు టైరులో ఉండేది రెండు బార్‌కు కాస్త ఎక్కువ, అంతే. బ్లేడుకు రాయి అడ్డుపడితే ఆ నూనెకు ఒక దారి కావాలి. రిలీఫ్ వాల్వ్ ఆ దారి. పీడనం హద్దు దాటగానే అది స్ప్రింగును తోసుకుని తెరుచుకుంటుంది, నూనె ట్యాంకులోకి పోతుంది. మెకానిక్ బిగించిన స్క్రూ ఆ స్ప్రింగుది. ప్రెషర్ కుక్కర్ మీది వెయిట్ చేసే పనే ఇది. గ్యాస్కెట్ దగ్గర ఆవిరి కారుతుంటే వెయిట్ మీద రాయి పెట్టేవాళ్లు ఏ వంటింట్లోనూ కనిపించరు.

మధ్యాహ్నపు నీరసానికి ఎక్కువగా కనిపించే కారణం అరుగుదల. నూనె వేడెక్కి పలచబడుతుంది, అరిగిన పంపులోనో వాల్వ్‌లోనో లోలోపలే వెనక్కి జారిపోతుంది. అప్పుడు పీడనం రిలీఫ్ వాల్వ్ హద్దు దాకా చేరనే చేరదు. చేరని హద్దును పెంచితే ఏం లాభం? నష్టం మాత్రం తర్వాత వస్తుంది. కొన్నాళ్లకు కొత్త పంపు వేస్తారు. ఈసారి పీడనం నిజంగానే ఆ పెంచిన హద్దు దాకా ఎక్కుతుంది, హోస్ పైపు పగులుతుంది. వేడి నూనె పడిన మేర గడ్డి చారలు చారలుగా మాడిపోతుంది. నింద హోస్ కంపెనీ మీద పడుతుంది.

కొన్నిసార్లు రిలీఫ్ వాల్వే దోషి. దాని సీటులో చిన్న నలుసు ఇరుక్కుంటే నూనె ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. 200 బార్ దగ్గర నిమిషానికి 30 లీటర్లు ఏ పనీ చేయకుండా ట్యాంకులోకి పోతే 10 కిలోవాట్లు వేడిగా మారతాయి. అంటే ట్యాంకులో 2 కిలోవాట్ల గీజర్లు ఐదు పెట్టినట్టు. పూర్తిగా కాక అందులో సగం కారినా నూనెను కాల్చేయడానికి చాలు.

ఆ నలుసు కంటికి కనిపించకపోవచ్చు. దిశ మార్చే వాల్వ్‌లో స్పూల్ అనే కడ్డీకి, అది జారే రంధ్రానికి మధ్య ఖాళీ సుమారు 10 మైక్రాన్లు. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. అందుకే స్పూల్‌ను గరుకు కాగితంతో రుద్దడం, ఒక వాల్వ్ స్పూల్‌ను మరో వాల్వ్‌లో వేయడం, విప్పిన భాగాలను బనియన్ వేస్టుతో తుడవడం మరమ్మతు అనిపించుకోవు. గుడ్డ పోగులే తర్వాతి నలుసులు. కొత్త డ్రమ్ములోని నూనె కూడా ఈ లెక్కన శుభ్రమైనది కాదు, వడపోసే ట్యాంకులో పోయాలి. నూనె పాలలా తెల్లబడితే వాన నీరు చేరిందని అర్థం, దాన్ని మార్చాల్సిందే.

ఇంతకంటే పెద్ద ప్రమాదం వేలికి. సూది మొనంత లీకు ఎక్కడుందో వెతకడానికి చెయ్యి పెట్టి తడిమే అలవాటు చాలామందిది. ఆ పీడనంలో నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల కణజాలం కుళ్లడం మొదలవుతుంది. గంటల్లో శస్త్రచికిత్స జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. లీకును అట్ట ముక్కతో వెతకాలి. విప్పే ముందు కోత యూనిట్లను నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లను అటూ ఇటూ కదిపి మిగిలిన పీడనం వదిలేయాలి.

తప్పంతా మెకానిక్ మీద వేయడం సులువు. అతని చేతిలో స్పానర్లున్నాయి, ప్రెషర్ గేజ్ లేదు. యంత్రం మీద గేజ్ తగిలించే చోటు ఉన్నా, అక్కడ ఎంత పీడనం చూపాలో ఇంగ్లీషు మాన్యువల్‌లో ఉంటుంది, ఆ మాన్యువల్ ఆఫీసు బీరువాలో ఉంటుంది. అంకె తెలియనివాడు అందాజుతోనే పని చేస్తాడు.

మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో వేసిన కమిటీ ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. గడ్డి కోత యంత్రాలను కూడా ఆ చర్చలోకి తేవాలి. స్క్రూలు తిప్పితే భద్రత పోతుందని తయారీదారులు అంటారు. అది నిజమే, కానీ అంకె దాచినచోటే స్క్రూ తిరుగుతోంది. రిలీఫ్ వాల్వ్‌కు సీలు వేయనివ్వండి. దాని పక్కనే ఉండాల్సిన పీడనం, గేజ్ తగిలించే చోటు, నూనె రకం స్థానిక భాషలో ఒక రేకు మీద చెక్కివ్వండి. ఐటీఐల్లో ట్రాక్టర్, వ్యవసాయ యంత్రాల కోర్సులు చదివే పిల్లలకు స్పానర్ కంటే ముందు గేజ్ చేతికివ్వాలి.

టెండర్లు పిలిచే సంస్థలు ఇంకా ముందే మొదలుపెట్టవచ్చు. కొత్త యంత్రంతో పాటు 400 బార్ గేజ్ ఒకటి, విప్పిన పైపు మూతులకు పెట్టే మూతల డబ్బా ఒకటి ఇవ్వాలని షరతు రాస్తే చాలు.